మొండోడు ఆగిన చోట

కొరడా మాస్టారికి ఆ రోజు రెండు కోరికలున్నాయి. ఒకటి, మనవరాలు గెలవాలి. రెండోది, తన మాట గెలవాలి. రెండూ ఒకే గుర్రం మీద ఆధారపడి ఉన్నాయి కాబట్టి ఒకటి తీరితే రెండోది తీరదని ఆయనకి బాగా తెలుసు. తెలిసీ దేన్నీ వదులుకోలేక, పొద్దున్నుంచీ కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగారు. కట్టుకున్న టై విప్పి మళ్ళీ కట్టుకున్నారు. భార్య చేత నాలుగు చివాట్లు తిన్నాక గానీ గడప దాటలేదు.

ఆ మాట సంగతేమిటో ముందు చెప్పాలి. మాస్టారు స్థాపించిన స్వారీ బడిలో ఆఫీసు గది గోడకి ఒక మేకు, ఆ మేకుకి ఒక కొరడా ఉండేవి. దాని తోలు పిడి ఆయన అరచేతి చెమటకి నల్లబడి నిగనిగలాడేది. ఆయన పాఠం చాలా పొట్టిది. నాలికని అంగిట్లోంచి లాగి 'ట్లక్'మనిపించడం, గుర్రం కదలకపోతే కొరడా ఝళిపించడం. దెబ్బకి దెయ్యమైనా వదులుతుందన్న సామెత మీద ఆయనకి అంత గురి. కొన్నాళ్ళకి గుర్రాలు ట్లక్ వినగానే కదిలేవి, ఇక కొరడాకి పని ఉండేది కాదు. "చూశారా, నేను కొట్టను. కొడతానని దానికి తెలుసు, అంతే" అని మీసం దువ్వుకునేవారు. ఆయన చేతి కింద తయారైన రౌతులు పతకాలు పట్టుకొచ్చారు. ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. ఎక్కడికెళ్ళినా కొరడా మాస్టారే. ఆ పిలుపు చెవిన పడ్డప్పుడల్లా ఆయన ఛాతీ ఒక అంగుళం పెరిగేది.

అలాంటి మనిషికి తలవంపులు తెచ్చిన గుర్రం ఒక్కటే ఒక్కటి. గోధుమ రంగుది, నుదుట తెల్ల చుక్క ఉన్నది. మిగతావి ట్లక్ వినగానే కదిలేవి, ఇది వినగానే ఆగిపోయేది. కొరడా ఆడిస్తే ఇంకా బిగుసుకునేది. కనుగుడ్లు తెల్లగా తిప్పి, ఒళ్ళంతా వణుకుతూ, రౌతు దిగేదాకా అడుగు తీసి అడుగు వేసేది కాదు. మాస్టారు రెండేళ్ళు దానితో కుస్తీ పట్టారు. మొండోడు అని పేరు కూడా పెట్టారు. ఒక సాయంత్రం విసిగిపోయి, "మొక్కై వంగనిది మానై వంగుతుందా? పంపించెయ్యండి దీన్ని" అనేశారు. అలా పంపించేసిన గుర్రాల్ని కొనేవాళ్ళు ఎక్కడానికి కొనరని ఆ బడిలో అందరికీ తెలుసు.

అప్పుడు అడ్డం వచ్చింది మనవరాలు. కొడుకు కూతురు. నడక వచ్చిన నాటి నుంచీ గుర్రపుశాలలోనే పెరిగింది.

"వాడిది మొండితనం కాదు తాతయ్యా. దెబ్బ ఎప్పుడు పడుతుందా అని ఆగి చూస్తున్నాడు."

"నీకు చెప్పిందా అది?"

"చెప్తూనే ఉన్నాడు, నువ్వే వినట్లేదు. వాణ్ణి నాకొదిలెయ్. జాతీయ పోటీలో దింపుతాను. కొరడా ముట్టను, ఇంకొకళ్ళని ముట్టనివ్వను."

"మధ్యలో ఆగితే?"

"ఆగితే నీ మాటే నెగ్గినట్టు. పంపించేద్దువు గానీ."

"ఆగకపోతే?"

ఆ పిల్ల గోడ వైపు చూసింది. "ఆ మేకు ఖాళీ చెయ్యాలి. మన బడిలో మళ్ళీ ఎవరూ కొరడా పట్టకూడదు."

మాస్టారు పగలబడి నవ్వి, సరేనన్నారు. ఆయన పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే మనిషి. ఆ పిల్లా ఆ తాత మనవరాలే మరి. మధ్యలో నలిగింది నానమ్మ. ఈ ఇంట్లో గుర్రాలే నయం, కనీసం మాట్లాడవు అని ఆవిడ ఎన్నిసార్లు అనుకుందో.

ఆ తర్వాత ఆ పిల్ల ఏం చేసిందో తాను చూడనే లేదని మాస్టారు అందరితో చెప్పుకునేవారు. ఆఫీసు గది కిటికీ తెర మాత్రం రోజూ పొద్దున్నే ఒక పక్కకి నలిగి ఉండేది. మొదటి ఏడాది ఆ పిల్ల గుర్రం ఎక్కడం కంటే దాని పక్కన నడవడమే ఎక్కువ. కదలమని అడిగేది. కదిలిన క్షణంలో పగ్గాలు వదులు చేసి మెడ నిమిరేది. కదలకపోతే ఊరికే నిలబడేది. "ఇది శిక్షణా, షికారా?" అని మాస్టారు భార్య దగ్గర గొణుక్కునేవారు. "మీరు చూడట్లేదుగా, మీకెలా తెలుసు?" అనేది ఆవిడ. రెండో ఏడాది గడిచేసరికి ఆయన గొణుగుడు తగ్గింది. మూడో ఏడాది మొండోడు జాతీయ పోటీకి ఎంపికయ్యాడని కబురు వచ్చింది. ఆ రోజు ఆయన తనకేమీ పట్టనట్టు పత్రిక చదువుతూ కూర్చున్నారు. పత్రిక తలకిందులుగా ఉందని చెప్పి పుణ్యం కట్టుకుంది భార్యే.

*

పోటీ జరిగే హాలు వెనక, గుర్రాల ఒళ్ళు వేడెక్కించడానికి ఇసుక బరి ఒకటి ఉంది. దాని కంచె పక్కన కుర్చీ వేసుకుని తనిఖీ చేసే ఒకావిడ కూర్చుంది. గుర్రాల తరఫున చూడటం ఆవిడ పని. ఎవరైనా గుర్రం గడ్డాన్ని ఛాతీకి ఆనేలా పగ్గాలు బిగబట్టి అదేపనిగా తిప్పుతుంటే చెయ్యెత్తి ఆపుతుంది. స్వారీ అయ్యాక తెల్ల గ్లవ్స్ వేసుకుని గుర్రం నోరూ డొక్కలూ తుడిచి చూస్తుంది. ఆ గ్లవ్ మీద ఎర్ర చుక్క కనబడిందా, రౌతు ఎంత గొప్పవాడైనా పోటీలో లేనట్టే. ఆవిడ చేతిలో ఒక చిన్న కొలత పలక కూడా ఉంది. గుర్రం ముక్కు మీంచి వెళ్ళే మూతిపట్టీ కిందకి అది దూరాలి, దూరకపోతే పట్టీ వదులు చెయ్యాల్సిందే. మాస్టారు చూస్తుండగానే నల్లగుర్రం మీద వచ్చిన ఒక పేరుమోసిన రౌతు చేత ఆవిడ పట్టీ ఒక బెజ్జం వదులు చేయించింది. ఆ రౌతు మూతి ముడుచుకుని వెళ్ళిపోయాడు.

"మా రోజుల్లో గుర్రాల మూతికి కొలతలు తీసేవాళ్ళు లేరమ్మా" అన్నారు మాస్టారు. "దర్జీ దుకాణంలా ఉంది వ్యవహారం."

ఆవిడ తలెత్తి చూసి, లేచి నిలబడింది. "మీరు కొరడా మాస్టారు కదూ! మా నాన్న మీ దగ్గరే నేర్చుకున్నారండీ."

ఛాతీ అంగుళం పెరిగింది.

"మీరు నాలికతో ఏదో చప్పుడు చేసేవారట కదా. మా నాన్నకి ఇప్పటికీ కల్లో వినిపిస్తుందంటారు."

మాస్టారు దాన్ని మెచ్చుకోలుగానే తీసుకున్నారు. అదెలా ఉంటుందో చూపిద్దామని నోరు కూడా తెరిచారు. ఇంతలో భార్య సంచీలోంచి పిప్పరమెంటు బిళ్ల తీసి ఆయన చేతిలో పెట్టింది. "ముందిది నోట్లో వేసుకోండి. నోరా వీపుకు చేటు తేకే అని పెద్దలు ఊరికే అన్లేదు." ఆయన బుద్ధిగా బిళ్ల వేసుకున్నారు.

అప్పుడే మనవరాలు మొండోడి మీద వచ్చింది. నల్ల కోటు, తెల్ల గ్లవ్స్, వెనక్కి దువ్వి ముడేసిన జుట్టు. తనిఖీ ఆవిడ పలక దూర్చి చూసింది. అది పట్టీ కింద అటూ ఇటూ ఆడింది. మొండోడు ఆవిడ భుజం వాసన చూసి, తర్వాత తల తిప్పి మాస్టారిని చూశాడు. వాడి చెవులు రెండూ వెనక్కి వాలాయి.

"తాతయ్యా, మీ సీట్లు ఎక్కడ?"

"ముందు వరస. న్యాయనిర్ణేతల పక్కనే."

ఆ పిల్ల మొహంలో ఏదో కదిలింది. "కొంచెం వెనక కూర్చోకూడదూ? వాడికి నువ్వు మరీ దగ్గరగా కనిపిస్తే..."

"కొరడా మాస్టారు వెనక వరసలో కూర్చోవడమేమిటే! ఎవరైనా చూస్తే ఏమనుకుంటారు?"

ఆ పిల్ల మొండోడి మెడ మీద రెండుసార్లు తట్టి, వాణ్ణి తిప్పుకుని వెళ్ళిపోయింది.

*

డ్రెసాజ్ అంటే తెలియనివాళ్ళు దాన్ని గుర్రాల నాట్యం అంటారు. ఇసుక పరిచిన బరి, చుట్టూ మోకాలెత్తు తెల్ల కంచె, కంచె వెంబడి అక్షరాలు రాసిన పలకలు, పెట్టెల్లాంటి చిన్న గదుల్లో న్యాయనిర్ణేతలు. రౌతు నోరెత్తకూడదు. కొరడా అసలే ఉండకూడదు. ఏ అక్షరం దగ్గర ఏం చెయ్యాలో ముందే రాసి ఉంటుంది. ఒక్కో విన్యాసానికీ పదికి ఇన్నని మార్కులు వేస్తారు. ఆ మొత్తం ఎప్పటికప్పుడు గోడమీది పెద్ద బోర్డు మీద మారుతూ ఉంటుంది. స్వారీ నడుస్తున్నంతసేపూ చీమ చిటుక్కుమన్నా వినబడేంత నిశ్శబ్దం.

మనవరాలికి ముందు నల్లగుర్రం వచ్చింది. గడ్డం ఛాతీకి తగిలేలా మెడ వంచి, కాళ్ళు ఆకాశానికి ఎగరేస్తూ వెళ్తుంటే జనం నోళ్ళు తెరుచుకుని చూశారు. మాస్టారికి పూనకం వచ్చినంత పనైంది. "అదీ పట్టంటే!" అని గుసగుసలాడుతూ నోట్లో బిళ్లని కటుక్కున నమిలేశారు.

"తోక చూడండి" అంది భార్య నెమ్మదిగా.

"తోకకేమైంది?"

"ఈగల్లేవు. ఎందుకు అలా కొట్టుకుంటోంది?"

మాస్టారు చూశారు. నల్లగుర్రం తోక ప్రతి అడుక్కీ కొరడాలా అటూ ఇటూ కొట్టుకుంటోంది. జీవితమంతా గుర్రాల కాళ్ళు చూసిన ఆయనకి ఈవిడ చెప్పేదాకా తోక కనబడలేదు. ఒక్కసారి కనబడ్డాక కాళ్ళు కనబడటం మానేశాయి. చప్పట్లు మోగాయి గానీ ఆయన చేతులు కలవలేదు.

తర్వాత మనవరాలి వంతు.

మొండోడు బరిలోకి వచ్చిన తీరు చూసి మాస్టారు ముందుకి వంగారు. వాడి మెడ వంచి కట్టేసినట్టు లేదు. తానే ఎత్తుకుని వచ్చినట్టుంది. చెవులు ఒకటి ముందుకీ ఒకటి వెనక్కీ తిరుగుతూ, పైనున్న అమ్మాయి మాట వింటున్నట్టున్నాయి. పగ్గాలు కొంచెం వదులుగా వేలాడుతున్నాయి. మధ్య గీత మీద నిలబడి వందనం చేసినప్పుడు వాడు నాలుగు కాళ్ళ మీదా సరిగ్గా బల్ల నిలబడ్డట్టు నిలబడ్డాడు. తోక కదల్లేదు.

ఆ తర్వాత ఏం జరుగుతోందో మాస్టారి కళ్ళకంటే ముందు ఆయన తొడలకి తెలిసింది. ప్రతి మలుపుకీ ఆయన బెంచీ మీదే కూర్చుని స్వారీ చేస్తున్నారు. పక్కకి పక్కకి దాటుకుంటూ వెళ్ళే నడక, అడుగడుక్కీ కాలు మార్చే దౌడు, ఒకే చోట తిరుగుతూ వేసే చుట్టు, అన్నీ నీళ్ళు పారినంత సులువుగా సాగాయి. బోర్డు మీద ఆ పిల్ల మార్కులు నల్లగుర్రం మార్కుల్ని దాటాయి. మొదటి స్థానం! "చూశావా! చూశావా!" అని భార్య మోచేతిని పిండేశారు. అది మనవరాలి గెలుపు అని సంతోషమో, తన మాట పోతోందని కంగారో ఆయనకే తెలియలేదు. నోరు ఎండిపోయి, "ఇంకో బిళ్ల ఇవ్వు" అని చెయ్యి చాపారు. ఆవిడ వంగి సంచీలో వెతుకుతోంది.

అప్పుడు మొండోడు సరిగ్గా వాళ్ళ ఎదుటికి వచ్చాడు. ఇక్కడే ఉన్నచోట కదం తొక్కాలి. అంటే ముందుకి పోకుండా, ఆగిపోకుండా, నిలిచినచోటే లయగా కాళ్ళెత్తి దించాలి. గుర్రానికి ఇంతకంటే కష్టమైన పని లేదు. వాడు మొదలుపెట్టాడు. ఒకటి, రెండు, మూడు. నాలుగో అడుగు దగ్గర వెనక కాలు వెంట్రుకవాసి ఆలస్యంగా లేచింది. హాల్లో ఇంకెవరికీ అది కనబడి ఉండదు.

ట్లక్.

మాస్టారు అనుకుని చేసింది కాదు. తుమ్ములా వచ్చేసింది. నలభై ఏళ్ళ అలవాటు నాలిక చివరే కూర్చుని ఉంది, అంతే. ఆ నిశ్శబ్దంలో అది చిన్న రాయి పడ్డట్టు వినిపించింది.

మొండోడు ఆగిపోయాడు.

'ఆగాడు!' అని మాస్టారి లోపల ఎవరో కేక పెట్టారు. ఆ కేకలో సంతోషం ఉంది. తన లోపలి నుంచి వచ్చిందని తెలిసి ఆయనకి ఒళ్ళు జలదరించింది. ఎదురుగా గుర్రం చెవులు రెండూ సూటిగా తన వైపే తిరిగి ఉన్నాయి. పక్కన భార్య సంచీలోంచి నెమ్మదిగా తలెత్తి, ఆయన మొహంలోకి చూసింది. ఆవిడ తిట్టి ఉంటే బాగుండేది.

ఆ సమయంలో తానైతే ఏం చేసేవాడో మాస్టారికి తెలుసు. మడమతో పొడవడం, పగ్గం లాగడం, కొరడా. ఒకదాని తర్వాత ఒకటి. కుడిచెయ్యి పిడికిలి బిగుసుకుని ఉంది, లేని కొరడా కోసం. ఆ పిల్ల మాత్రం వాటిలో ఒక్కటీ చెయ్యలేదు. వేళ్ళు కొంచెం ముందుకి జరిపి పగ్గాలు వదిలింది. జీను మీద బరువుగా, నిమ్మళంగా కూర్చుంది. వీపు ఒకసారి నిండి ఖాళీ అయింది. అంటే ఊపిరి తీసుకుని వదిలింది. కొడుకు కూతురు అంతమంది ముందు, బోర్డు మీద అంకెలు జారిపోతుండగా, ఆ పసితనం తీరని మొహంతో అంత ఓపికగా కూర్చోవడం చూసి మాస్టారి పిడికిలి దానంతటదే విచ్చుకుంది.

మొండోడి భుజం మీద చర్మం ఒకసారి వణికింది. ఒక చెవి మాస్టారి వైపు నుంచి కదిలి, నెమ్మదిగా వెనక్కి, పైనున్న అమ్మాయి వైపు తిరిగింది. రెండో చెవి కూడా తిరిగింది. ముక్కుపుటాలు ఎగరేసి పెద్దగా శ్వాస వదిలాడు. దెబ్బ పడలేదు. ఇక పడదు కూడా. ఆ సంగతి వాడికి అర్థమైన క్షణం మాస్టారికి కూడా కనబడింది. వాడు ఎవరూ పొడవకుండానే కాలెత్తాడు. కదం తొక్కాడు.

అంతకు ముందు చేసినది మంచి స్వారీ. ఆ తర్వాత చేసినదానికి ఏ పేరు పెట్టాలో ఆయనకి తెలియలేదు. చివరి గీత మీద వాళ్ళిద్దరూ తేలుతూ వస్తుంటే ఆ పిల్ల పగ్గాలు రెండూ ఒక చేతిలోకి తీసుకుని, రెండో చెయ్యి తొడ మీద వదిలేసింది. నేనేం పట్టుకోలేదు, వీడే వస్తున్నాడు, చూసుకోండి అన్నట్టు. కొరడా మాస్టారు తన జన్మలో ఒక గుర్రం అలా రావడం చూడలేదు. ఆయన శిక్షణలో పతకాలు తెచ్చిన గుర్రాలు ఏవీ అలా రాలేదు. ఆ మాట తనకి తాను ఒప్పుకోవడానికి ఆయనకి కష్టమేమీ అనిపించలేదు, ఆశ్చర్యం అదే. జనం లేచి చప్పట్లు కొడుతుంటే ఆయన కూర్చునే ఉండిపోయారు.

బోర్డు మీద చివరి అంకెలు వచ్చాయి. ఆగిన చోట పోయిన మార్కులు పోయాయి. నాలుగో స్థానం. పతకాలు మూడే.

"పదండి" అంది భార్య లేస్తూ. "ఈసారి మీరే చెప్పాలి. నేను చెప్పను."

*

శాలల వరండాలో తనిఖీ ఆవిడ మొండోడి నోరు తుడిచి గ్లవ్ వెలుతురుకి పట్టి చూసింది. తెల్ల నురగ తప్ప ఏమీ లేదు. డొక్కలు తుడిచిన రెండో గ్లవ్ కూడా అంతే. "వీడి లాంటివాళ్ళు నలుగురుంటే నాకు పనే ఉండదు" అంటూ పక్కకి జరిగింది.

మనవరాలు జీను దించుతోంది. తాతని చూసి చేతులు ఆపింది. మొహం కడుక్కున్నట్టుంది, కళ్ళు మాత్రం ఎర్రగా ఉన్నాయి.

"ఆగాడు తాతయ్యా" అంది. "ఏదో విన్నాడు, ఏమిటో తెలీలేదు నాకు. ఏమైతేనేం, ఆగాడు. మాటంటే మాటే. నువ్వే గెలిచావ్." ఆ ఆఖరి మాట దగ్గర ఆ పిల్ల చెయ్యి వెళ్ళి గుర్రం జూలులో దాక్కుంది.

ఆయన ఆశపడ్డ రెండు కోరికల్లో ఒకటి అక్కడ వచ్చి నిలబడింది, చెయ్యి చాపితే చాలు. నోరు మూసుకుంటే మాట నెగ్గుతుంది, కొరడా మేకుకే ఉంటుంది, కొరడా మాస్టారు కొరడా మాస్టారుగానే పోతారు. రేపో ఎల్లుండో ఒక లారీ వచ్చి మొండోణ్ణి ఎక్కించుకుపోతుంది.

"ఆ చప్పుడు నాది తల్లీ" అన్నారు మాస్టారు.

ఆ పిల్లకి అర్థం కాలేదు.

"వాడు విన్నది నన్ను. వెనక కాలు ఆలస్యమైంది, నా నాలిక ఊరుకోలేదు. వాడు ఆగలేదే, నేను ఆపాను. నీ పతకం పోయింది నా వల్ల."

"తాతయ్యా!" ఆ పిల్ల చేతిలోంచి జీను నడుంపట్టీ జారి కింద పడింది. "వెనక కూర్చోమన్నానా! అన్నానా లేదా!"

"అన్నావ్."

"పతకం తాతయ్యా! మొదటి స్థానంలో ఉన్నాం!"

"తెలుసు. తిట్టు. మీ నానమ్మ తిట్టట్లేదు, నువ్వైనా తిట్టు."

ఆ పిల్ల తిట్టడానికే నోరు తెరిచింది. మొహం కందగడ్డలా అయింది. కానీ తిట్టు బయటికి రాకముందే ఏదో గుర్తొచ్చినట్టు ఆగిపోయి, గుర్రం వైపు తిరిగింది. దాన్నే చూస్తూ ఉండిపోయింది.

"తాతయ్యా, నిజంగా ట్లక్ అన్నావా? మన బడిలో అనేదే? అదే చప్పుడా?"

"అదే. సాక్షాత్తూ అదే."

"అది విని కూడా మళ్ళీ కదిలాడా వీడు?" ఆ పిల్ల రెండు చేతులతో గుర్రం మొహాన్ని పట్టుకుంది. "ఆ చప్పుడు వింటే సాయంత్రం దాకా రాయిలా నిలబడేవాడు, గుర్తుందా నీకు! ఇవాళ విని, ఆగి, నన్నడిగాడు తాతయ్యా. కొడతారా అనడిగాడు. లేదన్నాను. నమ్మాడు!" నవ్వుతోందో ఏడుస్తోందో తెలియకుండా ఉంది ఆ పిల్ల మొహం. "ఇంత కష్టమైన పరీక్ష ఆ న్యాయనిర్ణేతలు ఒక్కళ్ళు కూడా పెట్టలేరు. నువ్వే పెట్టావ్, వీడు నెగ్గాడు."

అంత గర్వంగా ఎవరైనా ఓడిపోవడం మాస్టారు ఎప్పుడూ చూడలేదు. ఆ గర్వం తన రక్తంలోంచే వచ్చిందని ఒక పక్క, దాన్ని పతకం మీద కాక ఇలా గుర్రం నమ్మకం మీద పెట్టుకోవడం తనవల్ల అయ్యే పని కాదని ఇంకో పక్క ఆయనకి ఒకేసారి తోచింది. కళ్ళు తుడుచుకోవడానికి జేబురుమాలు వెతుక్కుంటే దొరకలేదు.

తనిఖీ ఆవిడ అంతా విని గొంతు సవరించుకుంది. "బయటివాళ్ళు రౌతుకి సాయం చేస్తే తప్పని రాసుంది మాస్టారూ. సొంత తాతే పని చెడగొడితే ఏం చెయ్యాలో ఎక్కడా రాయలేదు. అయినా పైవాళ్ళ చెవిన నేనొక మాట వేసి వస్తాను" అని నవ్వుకుంటూ వెళ్ళింది.

భార్య సంచీలో చెయ్యి పెట్టి, ఇందాకటి నుంచీ వెతుకుతున్న పిప్పరమెంటు బిళ్ల ఎట్టకేలకు బయటికి తీసింది. మాస్టారు దాన్ని నోట్లో వేసుకోలేదు. అరచేతిలో పెట్టుకుని మొండోడి ముందు నిలబడ్డారు. నాలికని పళ్ళ మధ్య గట్టిగా కరిచిపట్టుకున్నారు. మొండోడి చెవులు వెనక్కి వాలాయి. ఆయన చెయ్యి ముందుకి తోయలేదు, వెనక్కీ తీయలేదు. అడగడం ఇదే కాబోలు అనుకుంటూ, కదలకపోతే ఊరికే నిలబడాలన్న సంగతి కిటికీ తెర వెనక నేర్చుకున్న ప్రకారం ఊరికే నిలబడ్డారు. మోకాళ్ళు నొప్పి పెట్టాయి. చాలాసేపటికి ఒక చెవి ముందుకి వచ్చింది. తర్వాత వెచ్చని ఊపిరి అరచేతికి తగిలింది. తర్వాత బిళ్ల లేదు.

"మేకు ఖాళీ చేస్తాను" అన్నారు మాస్టారు, ఎవరి వైపూ చూడకుండా. "ఇంటికి పోగానే. వీడి కళ్లెం తగిలించుకో అక్కడ."

ఆ పిల్ల వచ్చి ఆయన భుజానికి తల ఆనించింది. టోపీ ఒత్తిన గీత ఇంకా నుదుటి మీద ఉంది.

తనిఖీ ఆవిడ వరండా చివర నుంచి తిరిగి వచ్చింది. ఆవిడ వెనకాల దూరంగా కెమెరా మెళ్ళో వేసుకుని ఎవరో నిలబడి ఉన్నారు. "మాస్టారూ, పైవాళ్ళు విని నవ్వేశారు, మార్కులు అలాగే ఉంటాయట. ఇంకో సంగతి. పత్రికాయన మీ కోసం వచ్చారు. కొరడా మాస్టారు ఇక్కడే ఉన్నారట కదా, రెండు ముక్కలు మాట్లాడిస్తారా అని అడుగుతున్నారు."

ఛాతీ పొంగింది, ఎప్పుడూ పొంగనంత. కానీ ఆ పిలుపుకి కాదు. మాస్టారు మనవరాలి తల నిమిరి, టై సర్దుకుని, గొంతు సవరించుకున్నారు.

"కొరడా మాస్టారు రాలేదని చెప్పమ్మా" అన్నారు. "వచ్చింది ఈ పిల్ల తాత. ఆయనతో అయితే ఎంతసేపైనా మాట్లాడొచ్చు."